పరీక్ష కన్నా ముందు

మాది యానాం అగ్రహారం. 2022లో డిగ్రీ పూర్తి చేసి, ఎమ్మెస్సీ గణితం కోసం ప్రవేశ పరీక్ష రాశాను. ఆ పరీక్ష సమయం రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం మా ఇంట్లో ఒక వేసవీ ఒక వానాకాలం ఎలా గడిచాయో చెప్పాలనే ఇది రాస్తున్నాను. లెక్కలు కష్టమని అందరూ చెబుతారు. ఆ లెక్కల ముందు కూర్చునే కుర్చీ దాకా వెళ్ళడం ఎంత కష్టమో మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మా వెనక వచ్చే పిల్లలకైనా తెలియాలి.

యానాం గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న ఊరు మాది. మొత్తం విస్తీర్ణం ముప్పై చదరపు కిలోమీటర్లు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉంది. ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక భాగం. చుట్టూ ఆంధ్రప్రదేశ్. మా రాజధానికి వెళ్ళాలంటే ఆంధ్రా కోస్తా అంతా దిగి తమిళనాడులోకి వెళ్ళాలి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. కాకినాడ మాత్రం గంట ప్రయాణం. బట్టలకీ, పెద్దాసుపత్రికీ, రైలెక్కడానికీ మాకు కాకినాడే.

నేను పదో తరగతి చదివింది యానాంలోనే, కానీ రాసింది ఆంధ్రా బోర్డు పరీక్ష. మా రోజుల్లో యానాం బళ్ళన్నీ ఆ బోర్డు కిందే ఉండేవి. ఇంటరూ అంతే. డిగ్రీ డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో. అది పాండిచ్చేరి యూనివర్సిటీకి అనుబంధం. అంటే నా దగ్గరున్న సర్టిఫికెట్లలో రెండు ఒక రాష్ట్రానివి, ఒకటి ఇంకో ప్రాంతానిది, నివాసం కాగితం కూడా ఆ ఇంకో ప్రాంతానిదే. చదువుకున్నన్నాళ్ళూ దీన్ని ఎవరం పట్టించుకోలేదు. పై చదువుకి దరఖాస్తు చేసే రోజున మాత్రం ఇదే మొట్టమొదటి ప్రశ్నయి కూర్చుంది.

ఎమ్మెస్సీకి నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి ఆంధ్రప్రదేశ్ పీజీసెట్. రాష్ట్రంలోని యూనివర్సిటీలన్నిటికీ కలిపి 2021 నుంచి ఆ ఒక్క పరీక్షే పెడుతున్నారు. కానీ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. తక్కిన 15 శాతానికీ షరతులున్నాయి. కాకినాడకి గంట దూరంలో పుట్టి, ఆంధ్రా బోర్డు పుస్తకాలే చదివి, ఇంట్లో గోదావరి తెలుగే మాట్లాడే నేను అక్కడ నాన్‌లోకల్‌ని. ఆ నియమం పెట్టినవాళ్ళకి వాళ్ళ కారణాలున్నాయి. వెనకబడిన జిల్లాల పిల్లల కోసం పెట్టింది, కాదనను. కానీ ముప్పై చదరపు కిలోమీటర్ల యానాం పిల్లలు ఎవరి లెక్కలోకి వస్తారన్నది అప్పట్లో ఎవరికైనా తట్టి ఉండదు.

రెండో దారి మా సొంత పాండిచ్చేరి యూనివర్సిటీ. 1985లో పార్లమెంటు చట్టంతో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం, కాలాపేటలో సముద్రం పక్కన ఉంది. కొన్ని పీజీ కోర్సుల్లో పుదుచ్చేరి వాసులకి పావువంతు సీట్లు కూడా ఉన్నాయి. నాన్నకి ఈ మాట చెబితే, "పాండిచ్చేరంటే మనదే కదమ్మా, అక్కడికే పెట్టు" అన్నారు. సీనియర్ అక్క ఒకావిడ తను రాసిన పాత ప్రశ్నపత్రాలు కట్టగట్టి ఇచ్చింది. అన్నీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకున్న పరీక్షవి. వాటిని ముందు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఆ ఏడాది నుంచి యూనివర్సిటీ సొంత పరీక్ష లేదని. కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీకి ఉమ్మడి పరీక్ష, సీయూఈటీ, 2022లోనే మొదలైంది. మాది మొదటి బ్యాచి. ముందు రాసినవాళ్ళు లేరు, పాత పేపర్లు లేవు, అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

మే నెలలో దరఖాస్తులు మొదలయ్యాయి. ఆఖరి తేదీ జూన్ 18. సరిగ్గా అప్పుడే మా ఆఖరి సెమిస్టరు గొడవ. కరోనా వల్ల మా బ్యాచి చదువే అడ్డదిడ్డంగా సాగింది. 2019లో చేరాం, మొదటి ఏడాది ముగియకముందే కాలేజీ మూసేశారు. రియల్ ఎనాలిసిస్ లాంటి పేపరు నేను ఫోన్లో విన్నాను. ఆ ఫోను నాదీ తమ్ముడిదీ. వాడి క్లాసూ నా క్లాసూ ఒకే వేళకి ఉంటే చిన్నవాడికి వదిలేసేదాన్ని. అందువల్ల మీన్ వాల్యూ సిద్ధాంతాలు కాగితం మీద నోటికొచ్చాయిగానీ, అవి ఎందుకున్నాయో తెలిసింది ప్రవేశ పరీక్షకి మళ్ళీ మొదట్నుంచీ చదివినప్పుడే.

మా నాన్న టైల్స్ ఫ్యాక్టరీలో చేసేవారు. 2012లో గొడవలయ్యాక అది మూతపడింది. అప్పట్నుంచీ ఆటో నడుపుతున్నారు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. దరఖాస్తు పెట్టాలంటే నెట్ సెంటరుకి వెళ్ళాల్సిందే. నేనే కాదు, మా వీధిలో ఎవరైనా అంతే.

నెట్ సెంటరు నడిపే అన్నయ్య నన్ను కూర్చోబెట్టి, "ఏం కావాలమ్మా" అని అడిగి, మెమోలు తీసుకుని టకటకా టైపు చేసుకుంటూ పోయాడు. మొదటి అడ్డంకి పేరు దగ్గర. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. దరఖాస్తులో పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి. పరీక్ష రోజున చూపించాల్సింది గుర్తింపు కార్డు. రెండూ ఒకరివే అని ఎవరు నమ్మాలి? మన తెలుగు పిల్లలు చాలామందికి ఈ చిక్కు ఉంది. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు ఇంటిపేరు ఒక్క అక్షరం వేస్తారు. ఆధార్ తీసేటప్పుడు అమ్మానాన్నలు ఇంటిపేరు పూర్తిగా చెబుతారు. ఆ తేడా పదేళ్ళపాటు ఎవరికీ కనపడదు. చివరికి మెమోలో ఉన్నట్టే దరఖాస్తు నింపి, మెమో చూపించి ఆధార్ మార్పించుకోవడానికి వెళ్ళాం.

తర్వాత రాష్ట్రం. బోర్డు అన్న గడిలో ఆంధ్రప్రదేశ్, బడి ఉన్న చోటు అన్న గడిలో పుదుచ్చేరి. రెండూ పొంతన లేవని సెంటరు అన్నయ్యకి అనుమానం. "యానామంటే ఆంధ్రానే కదమ్మా, అలాగే పెట్టేద్దాం" అన్నాడు. "కాదన్నయ్యా, అలా పెడితే రేపు పాండిచ్చేరి వాసుల కోటా పోతుంది" అని పట్టుబట్టి మార్పించాను. నా చదువంతటిలో ఆ పట్టుదలకి వచ్చినంత ఫలితం ఇంకోదానికి రాలేదు.

ఓబీసీ సర్టిఫికెట్ ఇంకో ముడి. పుదుచ్చేరి జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. రెండింటి నమూనాలూ వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయానికి కావలసింది కేంద్రం నమూనా, అదీ నాన్‌క్రీమీ లేయర్ అని రాసి, ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నదై ఉండాలి. నా దగ్గరున్నది కాలేజీలో చేరేటప్పుడు స్కాలర్‌షిప్ కోసం తీసింది. అమ్మ ఆ పెద్ద కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచింది, ఎప్పటికైనా పనికొస్తుందని. అది పనికిరాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఫొటోకీ సంతకానికీ కొలతలున్నాయి. ఫొటో 10 కేబీ నుంచి 200 కేబీ లోపల ఉండాలి, సంతకం 4 నుంచి 30 లోపల. వెనక తెల్లటి రంగు, చెవులు కనపడాలి, మాస్కు ఉండకూడదు. ఊళ్ళో స్టూడియోలో నీలం తెర వెనక పెట్టి తీసే ఫొటోలే మా అందరివీ. మళ్ళీ తీయించుకున్నాను. ఇవన్నీ చిన్న విషయాలు. ఒక్కోటి ఒక పూట తినేసింది. ఆ పూటలన్నీ లీనియర్ ఆల్జీబ్రాకి చెందాల్సినవి.

అసలు దెబ్బ తగిలింది ఫీజు దగ్గర. డబ్బు కట్టాం. నాన్న ఖాతాలోంచి డబ్బు పోయింది. దరఖాస్తులో మాత్రం ఫీజు కట్టనట్టే ఉంది. "రేపటికి వచ్చేస్తుంది లేమ్మా" అన్నాడు అన్నయ్య. రాలేదు. ఆ మర్నాడు సెంటరు తలుపులు వేసి ఉన్నాయి. పక్క కొట్టువాళ్ళని అడిగితే పెళ్ళికి వెళ్ళారన్నారు. సరే, వేరే సెంటర్లో చూద్దామని వెళ్ళాం. లాగిన్ అవ్వాలంటే పాస్‌వర్డ్ అడిగింది. మాకు ఇవ్వలేదు. మార్చుకుందామంటే ఓటీపీ పంపిస్తానంది. ఎవరికి పంపిస్తుంది? అప్పుడు చూస్తే దరఖాస్తులో ఉన్న ఫోన్ నంబరు మాది కాదు, ఈమెయిల్ మాది కాదు. సెంటరువాళ్ళవి. వచ్చిన ప్రతివాళ్ళ దరఖాస్తుకీ పని తొందరగా అవుతుందని తమ నంబరే వేసుకుంటూ పోయారు. నా దరఖాస్తు తాళంచెవి నాకు తెలియని మనిషి జేబులో ఉంది, ఆ మనిషి ఏ ఊళ్ళో పెళ్ళిలో ఉన్నాడో తెలియదు.

ఆ రాత్రి నాన్న భోజనం చెయ్యలేదు. ఆటో వేసుకుని ఆ నెట్ సెంటరు అబ్బాయి ఇల్లెక్కడో కనుక్కుంటూ తిరిగారు. నేను ఇంట్లో పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్క అక్షరం చదవలేక కూర్చున్నాను. నాలుగు ముక్కలు చదివిన నేను ఇంట్లో ఉండి, చదువుకోని నాన్న నా పాస్‌వర్డ్ కోసం వీధులు తిరగడం నాకు ఇప్పటికీ తల్చుకుంటే గొంతు పట్టేస్తుంది. మామ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏంటే, కాగితం మన దగ్గరే ఉందిగా, మళ్ళీ వాళ్ళనెందుకు అడగడం?" అంది. చేతిలో కాగితం ఉంటే సరిపోదని ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

నాన్న ఆ అబ్బాయి నంబరు సంపాదించారు. ఫోనులో ఓటీపీ చెప్పించుకుని, ముందు నంబరూ ఈమెయిలూ మావి పెట్టుకున్నాం, తర్వాత ఫీజు మళ్ళీ కట్టాం. మొదట పోయిన డబ్బు కొన్నాళ్ళకి తిరిగి ఖాతాలో పడింది. ఈలోగా గడువు పొడిగించారని తెలిసింది. జూలై దాకా ఇచ్చారు. ఆ పొడిగింపు నాలాంటివాళ్ళని ఎంతమందిని బతికించిందో! దరఖాస్తు అంగీకార పత్రం మీద అప్లికేషన్ నంబరు చూసుకుని, దాన్ని నోట్సు వెనకా, క్యాలెండరు మీదా, తలుపు వెనక సుద్దతోనూ రాసిపెట్టాను. హాల్ టికెట్ తీసుకోవాలంటే ఆ నంబరూ పుట్టిన తేదీ ఉంటే చాలు, ఎవరి దయా అక్కర్లేదు.

ఇక చదువు. ఆ ఏడాది పరీక్షలో ప్రశ్నలు వంద. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. మొదటి పాతిక ప్రశ్నలు ఇంగ్లిషు, జనరల్ నాలెడ్జి లాంటివి. తక్కిన డెబ్బై అయిదు గణితం. ప్రశ్నకి 72 సెకన్లు. మేం డిగ్రీలో రాసిన పరీక్ష ఇలాంటిది కాదు. అక్కడ సిద్ధాంతం ప్రవచించి నిరూపించమంటారు. పేజీలు నింపితే మార్కులు వస్తాయి. ఇక్కడ ఆర్డరు 15 ఉన్న గ్రూపు తప్పకుండా సైక్లిక్ అవుతుందా అని అడుగుతారు. నిరూపణ అక్కర్లేదు. కానీ అవుతుందని తెలియాలంటే, ఆర్డరు 6 ఉన్న ప్రతి గ్రూపూ ఎందుకు సైక్లిక్ కానక్కర్లేదో చేత్తో వేసి చూసి ఉండాలి. నేను బట్టీ పట్టిన లగ్రాంజ్ సిద్ధాంతం అప్పుడే నాకు పనిముట్టయింది. చిన్న చిన్న గ్రూపులకి పట్టికలు వేసుకుంటూ కూర్చునేదాన్ని. ఒక శ్రేణి అభిసరిస్తుంది, దాని పరమ విలువల శ్రేణి అభిసరించదు, అలాంటివి ఉదాహరణలతో సహా రాసుకునేదాన్ని. మూడేళ్ళ డిగ్రీలో దొరకని ఆనందం ఆ వేసవిలో దొరికింది. ఈ మాట చెప్పకపోతే అన్యాయం. కష్టమంతా కాగితాలతో. లెక్కలు మాత్రం నాకు ధైర్యమిచ్చాయి.

ఆ మొదటి పాతికలోని ఇంగ్లిషు ప్రశ్నలే భయం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లిషు అంటే లెక్కల ఇంగ్లిషు. పేరా ఇచ్చి అర్థం అడిగితే రెండుసార్లు చదవాలి, అంత సమయం ఉండదు. మా కాలేజీ లెక్చరరు ఒకాయన పాత ఇంగ్లిషు పేపర్లు ఇచ్చి, రోజూ సంపాదకీయం ఒకటి చదివి నాలుగు వాక్యాల్లో తెలుగులో చెప్పమనేవారు. ఫోనులో నేను చెప్పేదాన్ని, ఆయన వినేవారు. ఆయనకి నేను ఏమీ ఇవ్వలేదు. సీటు వచ్చాక స్వీట్లు తీసుకెళ్తే, "నీ వెనక వాళ్ళకి నువ్వు చెప్పు" అన్నారు.

జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 16వ తేదీన 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత ఎత్తు రావడం అదే. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కుల పైన సముద్రంలోకి వదిలారు. ఆ నీళ్ళు దిగేది మా పక్కనుంచే. వరద ముంచెత్తేముందు టీవీలో భద్రాచలం అంకె చూసి యానాంవాళ్ళు రోజులు లెక్కపెట్టుకుంటారు. అక్కడ పెరిగిన నీళ్ళు ఇక్కడికి ఎప్పటికి దిగుతాయో ముసలివాళ్ళకి బాగా తెలుసు. మా మామ్మ 86 వరద కథలు చెప్పడం మొదలుపెట్టిందంటే సామాను అటకెక్కించాల్సిందే.

యానాంలో పల్లపు ప్రాంతాలు మునిగాయి. బాలయోగినగర్‌లో మా పిన్నివాళ్ళ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. వాళ్ళని పడవ మీద తీసుకొచ్చారు. పిన్ని, బాబాయ్, పిల్లలు, వాళ్ళ అత్తగారు, రెండు మేకలు, గ్యాసు బండ, బియ్యం మూటలు, అందరూ మా ఇంటికే వచ్చారు. మా ఇల్లు రెండు గదులు. వాళ్ళు రావడం భారమని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వాళ్ళ ఇల్లు నీళ్ళలో ఉంటే నేను పరీక్ష గురించి ఎలా మాట్లాడతాను? పుస్తకాలన్నీ గోనెసంచిలో వేసి అటక మీద పెట్టేశాం. కరెంటు తీసేశారు. ఫోను ఛార్జింగు నాన్న ఆటో బ్యాటరీ నుంచి. పాల ప్యాకెట్లూ పులిహోర పొట్లాలూ ట్రాక్టర్ల మీద వచ్చేవి, వాటికోసం వెళ్ళి నిలబడే పని నాది, తమ్ముడిది.

చదివింది రాత్రిళ్ళు. అందరూ పడుకున్నాక వీధి అరుగు మీద టార్చిలైటు పెట్టుకుని కూర్చునేదాన్ని. దోమలు. కప్పల మోత. వెక్టార్ కాలిక్యులస్ అప్పుడే చదివాను. గ్రీన్, గాస్, స్టోక్స్ మూడింటినీ వరుసగా పెట్టుకుని, ఏది ఎక్కడ వాడాలో చూసుకున్నాను. పిన్ని అత్తగారికి నిద్ర పట్టేది కాదు. తలుపు దగ్గరికి వచ్చి, "చదూకో తల్లీ, చదూకో. నేను ఇక్కడే కూచుంటాలే, కుక్కలొస్తే తోలతాను" అనేది. ఆవిడ ఇంట్లో అప్పటికి మోకాలు లోతు బురద. ఆ ఇంటి మాట ఎత్తకుండా నాకు కాపలా కూర్చుంది.

నీళ్ళు తీశాక వాళ్ళింట్లో బురద ఎత్తడానికి అందరం వెళ్ళాం. పిన్ని కూతురి పదో తరగతి పుస్తకాలన్నీ ముద్దలైపోయాయి. సర్టిఫికెట్లు మాత్రం దక్కాయి. బాబాయ్ ఇల్లు వదిలేటప్పుడు ముందు తీసుకున్నది అవి ఉన్న సంచి. గోదావరి ఒడ్డున పెరిగిన ప్రతి ఇంట్లోనూ అలాంటి సంచి ఒకటి గుమ్మం దగ్గర మేకుకి వేలాడుతుంది. వరద పోయిందనుకుంటే ఆగస్టులో మళ్ళీ గోదావరి పెరిగింది. ఈసారి అంత ఎత్తు రాలేదుగానీ, గుండెలు మళ్ళీ జారాయి.

పరీక్ష సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో. ఆంధ్రా పీజీసెట్ కూడా అదే సెప్టెంబరులో. నాన్‌లోకల్ అయినా అదీ రాద్దామని ముందు అనుకున్నాను. వరద తర్వాత ఇంటి పరిస్థితి చూసి, ఉన్న కొద్ది రోజులూ ఒకదానికే పెట్టాలని నిశ్చయించుకున్నాను. నాకు కాకినాడ వైపు కేంద్రం పడింది. పట్నం దాటి లోపలికి వెళ్ళాలి, ఒక ఇంజనీరింగ్ కాలేజీ. నాన్న ముందురోజే ఆటోలో వెళ్ళి దారి చూసొచ్చారు. పరీక్ష రోజు తెల్లవారకముందే బయల్దేరాం. నీలపల్లి, తాళ్ళరేవు, కోరంగి దాటేసరికి వెలుగొచ్చింది. అమ్మ చేసిన ఉప్మా డబ్బాలోనే ఉండిపోయింది, ఇద్దరికీ నోట్లోకి పోలేదు.

గేటు దగ్గర హాల్ టికెట్టూ, దానితోపాటు కరోనా గురించి స్వయంగా రాసిచ్చే హామీ పత్రమూ, ఫొటో, ఆధార్ చూశారు. పేరు అక్షరం అక్షరం సరిపోయింది. నా ముందున్న అమ్మాయి పేరు సరిపోక పక్కన నిలబెట్టారు. ఆ పిల్లది అమలాపురం వైపు ఊరు. ఫోనులో ఇంట్లోవాళ్ళతో ఏడుస్తూ మాట్లాడుతోంది. కాసేపటికి లోపలికి పంపారు, కానీ అప్పటికే ఆ అమ్మాయి చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులతో రెండు గంటల పరీక్ష రాయాలి.

కంప్యూటరు మీద పరీక్ష రాయడం నాకు అదే మొదలు. మౌస్ పట్టుకుని నొక్కితే వేరే గడి నొక్కుకునేది. జవాబు రాసిన ప్రశ్న పచ్చగా మారుతుంది, వదిలేసినది ఎర్రగా, మళ్ళీ చూద్దామనుకున్నది ఊదా రంగులో. నేను గణితం ముందు చేసి, ఇంగ్లిషు ఆఖరున పెట్టుకున్నాను. గ్రూపుల మీద వచ్చిన ప్రశ్నలు చూడగానే చేతికొచ్చాయి. ఒక ఇంటెగ్రల్ దగ్గర స్టోక్స్ సిద్ధాంతం వాడితే రెండు అడుగుల్లో తేలింది. అరుగు మీద ఆ రాత్రి చదివినదే. ఇంగ్లిషులో తెలియనివి వదిలేశాను. తప్పుకి మార్కు కోస్తారని తెలిసి కూడా ఊహించి పెట్టాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశని అణచుకోవడమూ ఒక పరీక్షే.

సెప్టెంబరు 26న ఫలితాలొచ్చాయి. మార్కులు చూసుకుని సంబరపడ్డవాళ్ళలో మా కాలేజీ వాళ్ళే కొందరు ఆ తర్వాత ఆగిపోయారు. ఎందుకంటే ఉమ్మడి పరీక్ష రాస్తే సీటు దానంతట అదే రాదు. ఏ యూనివర్సిటీలో చేరాలో అక్కడ మళ్ళీ విడిగా నమోదు చేసుకోవాలి. మళ్ళీ సర్టిఫికెట్లు, మళ్ళీ ఫీజు, మళ్ళీ గడువు. ఇది తెలియక ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చున్న అమ్మాయి ఒకర్తె ఉంది. నాకన్నా మంచి మార్కులు తనవి. ఉత్తరం వస్తుందనుకుందట. ఆ ఏడాది పోయింది. తర్వాత పెళ్ళి చేశారు. ఈ రాతలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆ అమ్మాయికి పరీక్ష రాయడం రాక కాదు, ఎవరూ చెప్పలేదు, అంతే.

నాకు మొదటి జాబితాలో రాలేదు. తర్వాతి జాబితాలో వచ్చింది. నాన్నా నేనూ పాండిచ్చేరి వెళ్ళి కాలాపేటలో చేరాం. సర్టిఫికెట్లు చూసేచోట నా నివాస ధ్రువపత్రం మీద యానాం అని చూసి, బల్ల అవతలి ఆయన తమిళంలో ఏదో అడిగారు. నాన్నకి రాదు, నాకూ రాదు. ఇంగ్లిషులో చెప్పాను. ఆయన నవ్వి కాగితాల మీద ముద్ర వేశారు.

ఇప్పుడు యానాంలో చదువుకునే పిల్లలకి నా మాట. దరఖాస్తులో ఫోన్ నంబరూ ఈమెయిలూ మీవే ఉండాలి, నెట్ సెంటరువాళ్ళవి వెయ్యనివ్వకండి. పదో తరగతి మెమో మీదా ఆధార్ మీదా పేరు ఒక్కలా ఉందో లేదో డిగ్రీ రెండో ఏడాదిలోనే చూసుకోండి. కేంద్రం నమూనా ఓబీసీ సర్టిఫికెట్ ప్రతి ఏడాదీ ఏప్రిల్ వచ్చాక కొత్తగా తీసుకోండి. పరీక్ష అయ్యాక యూనివర్సిటీలో విడిగా నమోదు చేసుకోవడం మరచిపోకండి.

పెద్దవాళ్ళకీ ఒక మనవి. కాలేజీలో ఒక గది, ఒక కంప్యూటరు, దరఖాస్తుల రోజుల్లో సాయంత్రం పూట కూర్చునే ఒక మనిషి చాలు. ఆ మనిషి లెక్కలు చెప్పక్కర్లేదు. ఫారం చదివి, ఇది ఇక్కడ రాయి అని చెబితే చాలు. పరీక్ష కేంద్రం యానాంలోనే పెట్టమని అడగాల్సిన బాధ్యత మన ప్రజాప్రతినిధులది. నేను సెలవులకి వచ్చినప్పుడల్లా అగ్రహారంలో మా ఇంటి అరుగు మీద ఫారాలు నింపి పెడుతున్నాను. ఎవరికైనా కావాలంటే సర్టిఫికెట్లు తీసుకుని రండి.